పైపులో దేవుడు

ఏమే కోడలుపిల్లా, మీ అమ్మ మంచం కమ్మీకి బుగ్గ ఆన్చి నోరు అలా తెరుచుకుని నిద్రపోకే, ఈగ దూరితే దానికి కూడా ఆసుపత్రి గేటు దగ్గర పాసు రాయించాలి. క్లాసులో కునుకు తీసే పిల్లల మీద సుద్దముక్కలు విసిరే లెక్కల టీచరమ్మవి, ఇప్పుడు నీ మీద ఎవరు విసరాలి? నేనే విసిరేవాణ్ణి. జేబులో సుద్ద ఎప్పుడూ ఉంటుంది, సమాధి రాయి మీద అక్షరం ముందు సుద్దతో గీసుకుని తర్వాతే ఉలి పెట్టాలి కాబట్టి. విసరనులే. రెండు రోజులుగా కన్ను మూయలేదు నువ్వు. పడుకో. పడుకున్నావు కాబట్టే చెబుతున్నాను, అదీ పైకి కాదు, లోపల్లోపలే. మెలకువగా ఉంటే నీ మేనమామ నోట్లోంచి నిజం రాదని నీకు మూడో ఏటి నుంచీ తెలుసు. నాలుగైంది. ఐదింటికి గంట కొడతారు, నర్సమ్మ వచ్చి కోళ్ళని తోలినట్టు మనందర్నీ బయటికి తోలేస్తుంది. ఈ గంటలో నేను మీ అమ్మకి ఒక మాట చెప్పాలి, లేదా చెప్పకుండా మింగెయ్యాలి. రేపటి పరామర్శ వేళ మనకి ఉండకపోవచ్చని డాక్టరు పొద్దున చెప్పాడుగా. ఎంత మర్యాదగా చెప్పాడో, పెద్ద చదువుల మనిషి. నాకు చేతనైన మర్యాద ఒక్కటే, రాతి మీద రెండు తేదీల మధ్య చిన్న గీత చెక్కడం.

మీ అమ్మని చూడు. మాస్కు కింద మూతి చంటిపిల్ల మూతిలా అయిపోయింది. గోడకి తగిలించిన ఆక్సిజన్ సీసాలో నీళ్ళు గుడగుడమంటున్నాయి, లోపలెవరో కూర్చుని తీరిగ్గా హుక్కా పీలుస్తున్నట్టు. ఫినాయిలు వాసన. పక్క మంచం ముసలావిడ కొడుకు పూసలు తిప్పుతూ నాకు రాని భాషలో గొణుగుతున్నాడు, ప్రతి పూసకీ పెదాలు ఒకేలా కదులుతున్నాయి. ఎదురు మంచం దగ్గర ఒకావిడ పుస్తకం తెరిచి మొగుడి ఛాతీ మీద బోర్లా పెట్టింది, చదవడం రాదేమో, లేక చదివి చదివి అలిసిపోయిందేమో. కిటికీ పక్కవాళ్ళు ముగ్గురూ ఒకే దిక్కుకి తిరిగి వంగి లేస్తున్నారు, ఆ దిక్కున చేతులు కడుక్కునే బేసిను ఉంది. ఒక్క గదిలోంచి ఎన్ని ఉత్తరాలో చూడు, ఎన్ని అడ్రసులకో. వెళ్ళేవే గాని వచ్చిన ఉత్తరం ఒక్కటి కనబడలేదు నాకు ఈ వార్డులో. నిన్న ఇదే వేళకి మీ అమ్మ మాస్కు పక్కకి జరిపి నా వేలు పట్టుకుంది. “తమ్ముడూ, వింటున్నా రా. పలకడం లేదు” అంది. ఎవరు అని నేను అడగలేదు. ఆ పలకనివాడు ఎవరో ఈ భూమ్మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కాసేపాగి, “భయంగా ఉంది” అంది. ఆ మాట మా అక్క నోట నేనెప్పుడూ వినలేదు. మీ నాన్న పోయినప్పుడు అనలేదు. నీ వెనక పుట్టినవాడు తొమ్మిది రోజులకే కళ్ళు మూసినప్పుడు అనలేదు. నేనేం చేశానో తెలుసా, జోకు వేశాను. దేవుడికి మాత్రం భోజనం వేళ ఉండదా అక్కా అన్నాను. నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గితే నర్సమ్మ పరుగెత్తుకొచ్చి నాకు పెట్టాల్సిన గడ్డి పెట్టింది.

దేవుళ్ళ సంగతి నాకు తెలిసినంత ఏ పూజారికీ, ఏ పాస్టరుకీ తెలియదే. వాళ్ళు ఒక్కడి దగ్గరే జీవితమంతా కొలువు చేస్తారు, నేను అందరి దగ్గరా చేశాను. ఐదో తరగతి నాకెంత నచ్చిందంటే రెండుసార్లు చదివాను, తర్వాత ఉలి పట్టుకున్నాను. మా రాళ్ళ దొడ్డికి ఒక పక్కన ఒకళ్ళ శ్మశానం, ఇంకో పక్కన ఇంకొకళ్ళది, మధ్యలో నడుమెత్తు గోడ. ఆ గోడ మీద నువ్వు చిన్నప్పుడు గుర్రమెక్కినట్టు కూర్చునేదానివి, ఒక కాలు వాళ్ళ దేవుడి వైపు, ఒక కాలు వీళ్ళ దేవుడి వైపు. బొమ్మ ఉండాలనేవాళ్ళు వచ్చేవాళ్ళు, బొమ్మ ఉంటే పాపమనేవాళ్ళు వచ్చేవాళ్ళు, కాల్చి బూడిద చేసుకుని కూడా ఎక్కడో ఒకచోట పేరుండాలి కదండీ అని వచ్చేవాళ్ళు. ఇద్దరు పెద్దమనుషులు నా దొడ్లోనే వాదులాడుకున్నారొకసారి, చివరి రోజున సమాధుల్లోంచి మా వాళ్ళు లేస్తారంటే మా వాళ్ళే లేస్తారని. మీ ఇద్దరి రాళ్ళూ ఒక్క బండనే రెండుగా కోశాను సార్, ఆ బండలో ఏ సగం లేస్తుందో చెబితే అటువైపు కాస్త లోతుగా చెక్కుతాను అన్నాను. నాకు రాని లిపులన్నీ బొమ్మలు గీసినట్టే గీసేవాణ్ణి. ఒకసారి కాయితం తలకిందులుగా పట్టుకుని రాయంతా చెక్కేశాను. వాళ్ళొచ్చి తలలు అటూ ఇటూ వంచి చూశారు. చివరికి వాళ్ళలో ముసలాయన, “పోనీలేవయ్యా, లోపల పడుకున్నవాడికి సరిగ్గానే కనబడుతుంది” అన్నాడు. ఆ ముసలాయనంత భక్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

సీసా గుడగుడ ఆగిందేమిటి. లేదు, ఉంది. నా గుండె ఆగింది ఒక్క నిమిషం. పావుతక్కువ... కాదు, నాలుగుంపావు. ఈ గోడ గడియారం పెద్దముల్లు నీలాగే తూగుతోంది. మా దొడ్డికి ఒక తవ్వకాల మేష్టారు వచ్చేవాడు, పాత సమాధులు తవ్వడం ఆయన ఉద్యోగం. కొత్తవి చెక్కేవాణ్ణి నేను, ఇద్దరం ఒకే కంపెనీ అనేవాడు. పేర్లు రాసుకోవడం కూడా రాని కాలంలో మనుషులు తాము పడుకునే గచ్చు కిందే తమవాళ్ళని పాతిపెట్టుకున్నారట, వాళ్ళ మీదే పక్క పరుచుకునేవారట. ఇంకోచోట రొట్టె పెట్టి పంపారు, దువ్వెన పెట్టారు, నీళ్ళు దాటాలని పడవ పెట్టారు, తోడుగా కుక్కని పెట్టారు. పాపం కుక్క, విశ్వాసమంటే దానిదే మరి. వాళ్ళ దేవుడి పేరేమిటి మేష్టారూ అన్నాను. తెలియదయ్యా అన్నాడు, రాసిపెట్టలేదు. మరి ఆయన ఇప్పుడెక్కడున్నాడు అన్నాను. పిలిచేవాళ్ళు పోతే దేవుళ్ళూ పోతారు అన్నాడు, చేతులకి అంటిన మట్టి దులుపుకుంటూ. అప్పుడు నవ్వేశాను గాని తర్వాత ఉలి పట్టుకున్నప్పుడల్లా అదే ఆలోచన. ఆ రొట్టె ఎవరూ తినలేదు. ఆ పడవ ఎక్కడికీ పోలేదు. ఆ దువ్వెన పళ్ళలో ఒక్కటీ విరగలేదు. అంత ప్రేమగా సర్దిపెట్టిన మూట, అడ్రసు లేక అక్కడే ఉండిపోయింది.

మాటలు కూడా ఎంత మోసమో చూడవే. ఒక షాపు యజమాని పోతే, ఆయన నమ్మకం వమ్ము కాలేదు అని చెక్కమన్నారు. నేను ఆ రోజు ఏ లోకంలో ఉన్నానో, ‘న’ బదులు ‘అ’ చెక్కాను. ఆయన అమ్మకం వమ్ము కాలేదు అని అయింది. చూసుకుని నాలిక కరుచుకున్నాను. వాళ్ళ పెద్దకొడుకు వచ్చి రెండుసార్లు చదివి కళ్ళు తుడుచుకుని, నాన్నగారిని సరిగ్గా అర్థం చేసుకున్నావయ్యా అని నా భుజం తట్టి పోయాడు. ఇంకోసారి పాస్టరుగారు వాళ్ళ అమ్మగారి రాయికి నిరీక్షణతో అని రాసి తెచ్చాడు. ఎవరి కోసమండీ ఎదురుచూపు అన్నాను. “ఎదురుచూపు కాదయ్యా, మా పుస్తకంలో నిరీక్షణ అంటే ఆశ” అన్నాడు ఆయన. మా వీధిలో నిరీక్షణ అంటే బస్టాపులో నిలబడటమండీ అన్నాను. ఆయన చాలా మంచివాడు, నవ్వి, బస్సు వస్తుందన్న నమ్మకం లేనిదే ఎవరూ నిలబడరుగా అన్నాడు. వచ్చిందో లేదో నిలబడ్డవాళ్ళు ఎవరూ వచ్చి నాతో చెప్పలేదే. అంతా రాయి కిందే ఉన్నారు. ఇప్పుడు ఈ ప్లాస్టిక్ స్టూలు మీద నేను చేస్తున్నది ఏ నిరీక్షణో పాస్టరుగారిని అడగాలి. ఆయనకి కూడా నేనే చెక్కాను పోయినేడు.

సరే, అసలు సంగతికి రావాలి. చుట్టూ తిరుగుతున్నాను, ముల్లు ఇరవై దాటింది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు కదా, ఈ ఒక్క గింజని అరవై ఏళ్ళు నానబెట్టాను. మా అమ్మ, నీకు అమ్మమ్మ, నువ్వు ఫోటోలో కూడా చూడని మనిషి, నాకు ఆరేళ్ళప్పుడు పోయింది. అక్కకి తొమ్మిది. మా నాన్న మిల్లుకి పోయేవాడు, అక్క వంటింట్లోకి పోయింది, నేను మేడ మీదికి పోయాను. మేడ మీద పాత నీళ్ళ తొట్టి, దాంట్లోంచి కింద స్నానాలగదికి ఒక ఇనప పైపు, తొట్టి పగిలి ఎండిపోయింది, కింద కుళాయి ఊడిపోయింది, పైపు మాత్రం గోడలో అలాగే ఉంది. అక్క రోజూ నాన్న వెళ్ళాక స్నానాలగది తలుపేసుకుని ఏడ్చేది. నాకు చెవి పైపుకి పెడితే అంతా వినబడేది. ఒకరోజు దయ్యంలా అరిచి హడలగొడదామని నోరు పెట్టాను. అదే సమయానికి కింద నుంచి, “అమ్మ ఎక్కడుంది? ఎవరైనా చెప్పండి” అంటోంది. అరవబోయినవాణ్ణి ఆగిపోయాను. మా వీధి ఆడవాళ్ళు పాడె లేచేటప్పుడు సుఖంగా పోయింది, సుఖంగా పోయింది అని అనుకోవడం విన్నాను, సుఖమంటే ఏమిటో నాకు తెలియదు, ఏదో ఊరనుకున్నాను. గొంతు బొంగురు చేసి, సుఖంగా ఉంది అన్నాను పైపులోకి. కింద ఏడుపు ఆగిపోయింది. భయమేసి మేడ మీదే కూర్చుండిపోయాను. కాసేపటికి అక్క మొహం కడుక్కుని మెట్లెక్కి వచ్చింది. రా, ముద్ద తిందువుగాని అంది. ఆ రోజు నుంచి అక్క ఏడవడం నేను చూడలేదు. నేను మాత్రం నెల పాటు రోజూ దేవుడి డ్యూటీ చేశాను. అమ్మ సుఖంగా ఉంది, అమ్మ నవ్వుతోంది, అమ్మ నిన్ను చూస్తోంది. చెప్పి చెప్పి నేనే కిందికి పరుగెత్తి తినేవాణ్ణి, అప్పుడు ఆకలి వేసేది నాకు. నెల తర్వాత మా నాన్న తొట్టి బాగుచేయించి, కొత్త కుళాయి తెచ్చి దేవుడి నోట్లో బిగించాడు.

ఆ తర్వాత మీ అమ్మ ఎంత భక్తురాలో నీకు నేను చెప్పాలా. దేవుడు తనతో మాట్లాడాడని ఒక్క నాతోనే చెప్పింది, ఎవరికీ చెప్పకు రా అంది. నేను పొట్ట పట్టుకుని నవ్వుకున్నాను, వెధవ వయసు. తర్వాత చెబుదామని నోరు తెరిస్తే జోకే వచ్చేది. ఇంకా తర్వాత, ఇది ఎవరికీ తెలియదే, నాకు అది చాలా వీలుగా ఉండటం మొదలైంది. నేను దేవుణ్ణి నమ్మను, పదిమంది దేవుళ్ళకి పని చేసి ఒక్కణ్ణి కూడా చూడని పనివాణ్ణి ఎలా నమ్ముతాను? కాని అక్క నమ్ముతుంది, అక్కని నేను నమ్ముతాను. అక్కడ కొంచెం వెచ్చగా ఉండేది, పొయ్యి పక్కింట్లో ఉన్నా గోడ వెచ్చగా ఉన్నట్టు. బండ జారి నా చెయ్యి నలిగినప్పుడు, ఓ మాట చెప్పవే అక్కా, నీ మాటైతే వింటాడు అన్నాను, ఏడిపిస్తున్నట్టే అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. మీ అత్త మంచాన పడ్డప్పుడు పది నెలలు రోజూ అడిగాను, చెప్పావా, చెప్పావా, ఏమన్నాడు? చెప్పాను రా అనేది. మీ అత్త పోయింది. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అంటే ఇంకేమవుతుంది. ఆ రోజు శ్మశానం గోడ దగ్గర అక్క నా వీపు నిమిరి, “సుఖంగా ఉంది రా” అంది. నా మాటే. నేను ఆరేళ్ళప్పుడు అర్థం తెలియకుండా పైపులోకి ఊదిన మాట, అరిగిపోకుండా తిరిగొచ్చింది, నేను దాన్ని గుటుక్కున మింగి కడుపు నిండిందనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, నేను కళ్ళు మూసుకుని ఖాళీ గిన్నె నాకాను.

అందుకే చూడు, ఇప్పుడు చిక్కు. ఆవిడ వింటోంది. పలకడం లేదంటోంది. భయపడుతోంది. ఆ పలికినవాడు ఇక్కడే స్టూలు మీద మోకాళ్ళ నొప్పులతో కూర్చున్నాడు. నిజం చెబితే, అక్కా, ఎవరూ లేరు, అది నేనే అంటే, భయం పోతుందా పెరుగుతుందా? చెప్పకపోతే ఈ మనిషి రాని గొంతు కోసం చెవులు రిక్కించుకునే పోతుంది. పైగా నా స్వార్థం ఒకటి, చెప్పానంటే పక్కింటి పొయ్యి నా చేత్తోనే ఆర్పినట్టు. నాలుగూ ముప్పై ఐదు. పక్క మంచం కొడుకు పూసలు ఒక చుట్టు అయిపోయి మళ్ళీ మొదటి పూసకి వచ్చాడు. సరే, మూడో దారి ఒకటుంది. ఇది నీ మామయ్యకి తప్ప ఇంకెవరికీ తట్టదు. మంచం పక్కన పచ్చ కర్టెను ఉందిగా, బట్టలు మార్చేటప్పుడు లాగేది. మీ అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. మెల్లగా లేచి, కీళ్ళు టకటకమన్నాయి, తలవైపుకి తిరిగి కర్టెను వెనక దూరాను. అరవై ఆరేళ్ళ ముసలాణ్ణి. ఎదురు మంచం ఆవిడ నన్ను చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. గొంతు సవరించుకున్నాను. పిచ్చి మొహాన్ని. బొంగురుగా అన్నాను.

“భయపడకు. అమ్మ ఇక్కడే ఉంది. సుఖంగా ఉంది.”

సీసా గుడగుడ. పూసల చప్పుడు. అప్పుడు మాస్కు కింద నుంచి వచ్చింది, సన్నగా.

“ఒరే తమ్ముడూ. కర్టెను కింద నీ చెప్పులు కనబడుతున్నాయి రా.”

బయటికి వచ్చి నిలబడ్డాను, మామిడికాయ దొంగిలిస్తూ దొరికినవాడిలా. నవ్వుతోంది, కళ్ళతోనే. మాస్కు జరిపి వంగమంది. వంగాను.

“అప్పుడు కూడా తెలుసు రా” అంది.

“ఎప్పుడు?”

“పైపు. సుఖంగా అనడం రాలేదు నీకు. ‘తుకంగా ఉంది’ అన్నావు. ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి కదరా. దేవుడికి పాలపళ్ళు ఊడతాయా?”

నాకు నవ్వు రాలేదే. నవ్వడమే నా వృత్తి, రాలేదు. మరి నమ్మానన్నావు కదే అక్కా అన్నాను. మూడు ఊపిరులు తీసుకుంది, నాలుగోది చెప్పడానికి వాడుకుంది. “నువ్వు అమ్మ పోయాక ముద్ద ముట్టలేదు. మేడ దిగలేదు. నేను ఏడుపు ఆపిన రోజు దిగొచ్చి తిన్నావు.” మళ్ళీ ఊపిరి. “రోజూ చెప్పేవాడివి, రోజూ తినేవాడివి. నమ్మినట్టుండటం ఎలా మానను రా.”

“మరి ఇన్నేళ్ళు? దండాలు, మొక్కులు? నీ మరదలు మంచం మీద ఉన్నప్పుడు పది నెలలు చెప్పానన్నావే.”

“నువ్వు అడిగేవాడివి కదరా. కళ్ళు మూసుకునేదాన్ని. మనసులో రేపటి వంట అనుకునేదాన్ని.”

మంచం కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. ఇంకొక్కటే మిగిలింది అడగడానికి. నిన్న వింటున్నానన్నావు కదే, పలకడం లేదన్నావు కదే, అది కూడా నా కోసమేనా అన్నాను. అవునను అక్కా, అవునను, అని లోపల అనుకుంటున్నాను, చూశావా, లోపల దండం పెడుతున్నాను నేను. మీ అమ్మ నవ్వు ఆపేసింది.

“లేదు రా. నిన్నటి నుంచి నిజంగా అడుగుతున్నా. మొదటిసారి.” మాస్కు మీద ఆవిరి పట్టింది, పోయింది. “ఎవరూ లేరు రా అక్కడ.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు, కనీసం చెవిటివాడైనా ఉంటాడు ఆ సామెతలో. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు మా దొడ్లో పొద్దుటి రాళ్ళలా చల్లగా ఉన్నాయి. ఇంకేదైనా జోకు వెయ్యమన్నట్టు చూసింది, అరవై ఏళ్ళు వేశాను, ఆ ఒక్క నిమిషం సంచీ బోర్లిస్తే ఒక్కటి రాలలేదు. ఆవిడ కళ్ళు మూసుకుంది. అప్పుడు గంట కొట్టారు. నర్సమ్మ చేతులు తట్టుకుంటూ వస్తోంది. పూసలు జేబులోకి పోయాయి, పుస్తకం సంచిలోకి పోయింది, వంగినవాళ్ళు మోకాళ్ళు దులుపుకున్నారు. నువ్వు ఉలిక్కిపడి లేచావు, బుగ్గ మీద కమ్మీ అచ్చు పడింది.

“అమ్మ ఏమైనా అంది మామయ్యా?”

“నీ కోసం దండం పెట్టుకుంది” అన్నాను.

“పోనీలే, అమ్మ మాటైతే వింటాడు” అన్నావు, మొహం కాస్త తేటపడింది, దుప్పటి అంచు ఆవిడ మెడ కిందికి సర్దావు. మీ అమ్మ కళ్ళు తెరవలేదు, కాని నా వేలు నొక్కింది, బాగా అబద్ధమాడావు రా అన్నట్టు. అరవై ఏళ్ళు మా అక్క చెవిలో పువ్వు పెట్టానని మురిసిపోయాను కోడలా. లెక్కల టీచరమ్మవి కదా, నువ్వే లెక్క కట్టు. ఆ ఇంట్లో దేవుడి గొంతు నమ్మిన భక్తుడు మొత్తం ఒక్కడే, వాడు మేడ మీద పైపుకి నోరు పెట్టుకుని కూర్చున్నాడు.